గయోపాఖ్యానమునఁ గృష్ణార్జునుల అనుక్తస్నేహము

చిలకమర్తి లక్ష్మీనరసింహకవిగారి గయోపాఖ్యాననాటకము లక్షకుఁ బైగా ప్రతులు చెల్లిన గ్రంథము. 1890 ప్రాంతమునఁ బుట్టిన యీ నాటకమునకు జనులు చూపిన యాదరము మిక్కిలి గొప్పది. పండితలోకమున జరిగిన విచారణ మాత్ర మాయాదరమునకుఁ దగినంత గలదని తోఁపదు. దీనికిఁ బ్రచండయాదవమను నామాంతరము కలదు. ఆ పేరునుబట్టియే కాఁబోలు, పెక్కుమంది దీనిని గోపతాపముల నాటకముగాను, బావమఱఁదుల జగడముగాను దలంచి, పద్యములకుఁ జప్పట్లు కొట్టి, యింటికిఁ బోయి మఱచిపోవుచుందురు. ఈ నాటకమునకు మూలమైనది కోపము గాదు; నోటఁ బలుకఁబడని స్నేహము. అది పలుకఁబడకుండుటకుఁ దగిన కారణములును మన సాహిత్యమునందే కలవు. ఆ రెండు సంగతులను జూపుటయే యీ వ్యాసమున నాయుద్దేశము.

ఈ విచారణకు నన్నుఁ బురికొల్పినవాఁడు పండితుఁడు గాఁడు, వేటపాలెపు నేఁతగాఁడు. వేటపాలెము మగ్గముల యూరు. 1918 లో నెలకొని, 1929 లో మహాత్మాగాంధిగారి చేతిమీఁదుగా భవనమునకు శంకుస్థాపన జరిగిన సారస్వతనికేతన గ్రంథాలయమువలన ఈ యూరిపేరు చదువరులకెల్లఁ దెలిసినదే. కాని పుస్తకము పట్టనివారికిఁగూడ నీ ప్రాంతమున నాటకపద్యములు కంఠస్థములై యుండెడివి. గుంటమగ్గమునఁ గూర్చుండి నాడె నటునిటు త్రోయుచు, ఆ చప్పుడే తాళముగాఁ బద్యమును రాగమెత్తుట పెద్దలకు వాడుక. ఒకనాఁడు గ్రంథాలయమునుండి మరలివచ్చుచు, అట్టి వృద్ధుఁ డొకని మగ్గముచెంతఁ గూర్చుండి, గయోపాఖ్యానమున నాయుద్ధరంగపుఁ దిట్లు లేకున్నచో నాటకము మఱింత గంభీరముగా నుండెడిదిగదా యంటిని. ఆయన మగ్గము నాపి నావంకఁ జూచి, "తిట్టుకుంటున్నారని ఎవరన్నారు బాబూ? నిష్ఠూరాలాడుకుంటున్నారు. కానివాణ్ణి తిడతాం. అయినవాణ్ణేగా నిష్ఠూరమాడేది!" అనెను.

నిష్ఠురమన సంస్కృతమునఁ గఠినమని యర్థము. తెలుఁగునోటఁ బడి యది చుట్టఱికపు మాట యైనది. పెండ్లికిఁ బిలువలేదని పరాయివాఁడు నిష్ఠురమాడఁడు. నిష్ఠురమాడుటకు హక్కు కావలయును. ఆ హక్కు ప్రేమవలనఁ గాని రాదు. ఈ యొక్కమాట చేతఁ బట్టుకొని నాటకమును మరలఁ జదివినచో, మునుపు కలహముగాఁ గనఁబడినదెల్ల వేఱొక తీరునఁ దోఁచును.

కథ యందఱెఱిఁగినదే గాన సంగ్రహించి చెప్పెదను. గయుఁడను గంధర్వుఁ డాకాశమార్గమునఁ బోవుచుఁ దాంబూలము నమలి యుమిసెను. ఆ యెంగిలి క్రింద నర్ఘ్యమిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిటఁ బడెను. కృష్ణుఁడు వానిఁ జంపుదునని ప్రతిన పట్టెను. ప్రాణభీతిఁ దిరుగులాడిన గయునికిఁ జోటిచ్చువాఁడు దొరకలేదు. తుదకు వాఁ డర్జునుని పాదములఁ బడెను. శత్రువెవ్వఁడో యడుగకమునుపే యర్జునుఁ డభయ మిచ్చెను. పేరు విన్నపిదప మాట వెనుకకుఁ దీసికొనుట యెట్లు? ద్వారకనుండి రాయబారము వచ్చినది, వ్యర్థమైనది. కృష్ణునకుఁ జెల్లెలు, అర్జునునకు ఇల్లాలు నైన సుభద్ర నడుమ నిలిచి వేఁడినది, అదియు వ్యర్థమే. ఇరువురును యుద్ధమునకు దిగిరి. దైవము కలుగఁజేసికొని వారించుదాఁక నది యాఱలేదు.

ఈ కథ వ్యాసభారతమున లేదు. తెలుఁగునాఁట దీనికి మంచి ప్రాచీనత గలదు. నాదెండ్ల గోపమంత్రి దీనినిఁ గృష్ణార్జునసంవాదమను పేర ద్విపదకావ్యముగా రచించెను. ఇతఁడు సాళువ తిమ్మరుసునకు మేనల్లుఁడు. 1515 లోఁ గృష్ణదేవరాయలు కొండవీటిని గెలిచిన పిమ్మట ఆ సీమ నేలినవాఁడు. ప్రబోధచంద్రోదయ నాటకమునకుఁ జంద్రికయను సంస్కృతవ్యాఖ్య వ్రాసినవాఁడు. నాటకవ్యాఖ్యాత యైన మంత్రి సంవాదమని పేరిడుట గమనింపఁదగినది. యుద్ధమనలేదు, విజయమనలేదు. కథలోని సారము శస్త్రములందుఁ గాక, యొకరితో నొకరాడిన మాటలందున్నదని యాతఁడు తలంచినట్లు ఆ పేరే చెప్పుచున్నది. కన్నడసీమ యక్షగానములందును గృష్ణార్జునకాళగ మనుపేర నిదియే కథ ప్రసిద్ధము. కొండవీడు మా వేటపాలెమునకు మిక్కిలి దూరము గాదు. చిలకమర్తివారు గోదావరీతీరమునఁ గూర్చుండి వ్రాసినను, కథ మా సీమ గాలి పీల్చి పెరిగినదను నభిమానము నాకుఁ గొంత కలదు. చదువరులు మన్నింతురు గాక.

వ్యాసుఁడు చెప్పని కథను జనులు కల్పించుకొనుటకు వ్యాసునిలోనే కారణము వెదకవలయును. భారతమునఁ గృష్ణునకు నర్జునునియందుఁ గల ప్రేమ యెచ్చటెచ్చటఁ బలుకఁబడినదో పరిశీలించితిని. ఖాండవదహనానంతర మింద్రుఁడు వరము లిత్తుననఁగా నర్జునుఁ డస్త్రములఁ గోరెను. కృష్ణుఁడు కోరినది యొక్కటే: అర్జునునితోఁ దన స్నేహము శాశ్వతము గావలయునని. సకలమును దానియైన వాఁడు మఱియొకని యెదుటఁ జేయి చాఁచి యడిగిన దిది! కాని యా మాట యాతఁ డింద్రునితోఁ జెప్పెను. ద్రోణపర్వమున సైంధవుని సూర్యాస్తమయములోపలఁ జంపుదును, లేకున్న నగ్నిఁ జొచ్చెదనని యర్జునుఁడు ప్రతిన పట్టిన రాత్రి కృష్ణునకు నిద్ర రాలేదు. నడిరేయి సారథియగు దారుకునిఁ బిలిచి, యర్జునుఁడు లేని లోకమును క్షణమైనఁ జూడఁజాలననియు, ఆలుబిడ్డలును జుట్టములును దనకు నర్జునునికంటెఁ బ్రియులు గారనియుఁ జెప్పి, తన రథమును నాయుధములతో సిద్ధపఱచి యుంచుమనెను. ఆయుధము పట్టనని మాట యిచ్చినవాఁడు! అప్పు డర్జునుఁడు నిద్రించుచున్నాఁడు. సౌప్తికపర్వమున, అశ్వత్థామ తన్నుఁ జక్రమడిగిన వృత్తాంతమును ధర్మరాజునకుఁ జెప్పుచు, తనకు నెవ్వనికంటెఁ బ్రియుఁడు లేఁడో, యెవ్వనికి నీరానిది లేదో యా యర్జునుఁడును దానినడుగలేదని యంటినని చెప్పెను. ఇదియు నర్జునుఁడు లేనిచోటి మాటయే.

ఎదుటఁ జెప్పిన సందర్భములు లేవనుట సత్యము గాదు. అరణ్యపర్వమునఁ గామ్యకవనమునకు వచ్చినపుడు, తామిరువురు నొక్కటియనియు, నొకనికి శత్రువైనవాఁడు రెండవవానికిని శత్రువే యనియుఁ గృష్ణుఁడు సభలో నర్జునునితో ననెను. గీత తుదను నీవు నాకిష్టుఁడవని చెప్పెను. మొదటిది ప్రతినవంటిది, రెండవది గురుశిష్యోపదేశము. ఉన్నను, మనసు విప్పి నిద్రలేక పలికిన పలుకులు మాత్రము ఇంద్రుఁడును దారుకుఁడును ధర్మరాజును విన్నవే. అర్జునుఁడు తనవంతు పలికినది మఱియు విచిత్రము. విశ్వరూపమును జూచిన పిదప, ఆటలందును భోజనమందును శయ్యాసనములందును జెలికాఁడవని చనువుగాఁ బిలిచినందుకు క్షమాపణ వేఁడెను. వెంటనే యా భయంకరరూపము వలదు, మునుపటి రూపము చాలునని ప్రార్థించెను. స్నేహితుఁడు దేవుఁడని తెలిసినపుడు స్నేహము నోరు మూసికొన్నది. ఆ మూసికొన్న నోరు తెఱపించుటకే గయుని కథ పుట్టినదని నాయభిప్రాయము. ఒకనికి శత్రువు రెండవవానికిని శత్రువన్న కామ్యకవనపు మాటను గయుఁడు తాంబూలపుటెంగిలితోఁ బరీక్షకుఁ బెట్టెను. శత్రువు మహాసురుఁడు గాఁడు, చేసిన తప్పు మహాపాతకము గాదు. పొరపాటున నుమిసిన యుమ్మి. కారణ మెంత చిన్నదైన నంతగా, దానిక్రింద నడఁగియున్నది బయటపడును. కాఁపురములందును మనము చూచునది యిదియేకదా.

ఇఁక లక్షణగ్రంథములమాట. మన యాలంకారికులు మిత్రస్నేహమునకుఁ బ్రత్యేకముగాఁ బీటవేయుటకు సందేహించిరి. రుద్రటుఁడు ప్రేయోరసమను నొకదానిని జేర్చి స్నేహమును దానికి స్థాయిగాఁ జెప్పెను. భోజుఁడును బ్రేయమును గైకొనెను. కాని యభినవగుప్తుఁడు దాని నంగీకరింపలేదు. బాలునకుఁ దల్లిదండ్రులయందలి స్నేహము భయమందును, యువకులకు మిత్రులయందలిది రతియందును, లక్ష్మణాదులకు నన్నయందలిది ధర్మవీరమందును విశ్రమించునని విభజించెను. మిత్రస్నేహమును రతియందుఁ జేర్చినాఁడని చదివి యులికిపడనక్కఱలేదు. రతియనఁగా మనసు మఱియొక మనసునందు లగ్నమై నిలుచుట. ఆ లగ్నత స్త్రీపురుషులకే చెందినదని యతఁడు గిరిగీయలేదు. నేఁటి పాఠకులలోఁ గొందఱు కృష్ణార్జునుల స్నేహము శృంగారమా కాదా యని ప్రశ్నింతురు. నాటకమున శృంగారసామగ్రి యేదియు లేదు; కావున శృంగారమనుట తగదు. ఉత్త సఖ్యమేకదా యని తేలికపఱచుటయు నంతకన్నఁ దగదు. ఏపేరును సరిపడనంత బలమైన దొకటి యచటఁ గలదు. గోపమంత్రికించుమించు సమకాలికుఁడై రూపగోస్వామి 1541 లో ముగించిన భక్తిరసామృతసింధువునఁ బ్రేయోభక్తిని ముఖ్యరసములలోఁ జేర్చి, పురమందలి సఖులలో నర్జునుని శ్రేష్ఠునిగాఁ జెప్పెను. రసశాస్త్రము వంగదేశపు గోస్వామి చేతఁ జోటు చూపుచున్న కాలముననే, కొండవీటి మంత్రి శాస్త్రప్రస్తావన లేకయే కథలోఁ జోటు చూపెను.

లక్షణమునఁ బీట లేనందున నాటకమున స్నేహితులు తమ స్నేహమును బలుకుటకు భాష కొఱఁతపడినది. నాయికానాయకులకు విరహము, దూతిక, లేఖ, మూర్ఛ, యెన్ని సాధనములు! మిత్రునకేమున్నది? మృచ్ఛకటికమున శర్విలకుఁడు పొందఁగోరిన మదనికను బొంది బండి యెక్కించుకొని పోవుచు, మిత్రుఁడు చెఱఁబడెనని వినినంతనే బండి దిగిపోవును. స్త్రీ మిత్రులలో మిత్రుఁడే మిన్న యని యతఁడు స్పష్టముగాఁ జెప్పును గాని, యా చెప్పుట తనకుఁ దాను జెప్పుకొనుట. ఆర్యకునితో నా మాట యనునట్టి ఘట్టమును శూద్రకుఁడు చూపలేదు.

ఇచట ముద్రారాక్షసమును దడవక తప్పదు. నాయిక లేని యానాటకమునకు హృదయమేది? రాక్షసామాత్యుఁడు తన యాలుబిడ్డలను జందనదాసుఁడను మణికారుని యింట దాఁచి పోయెను. చాణక్యుఁడు చందనదాసునిఁ బిలిపించి బెదరించెను, వాఁడు లొంగలేదు. లొంగకున్న మంచిదే యని చాణక్యుఁడు లోలోన సంతసించెను. ఏలనఁగా మిత్రునికై ప్రాణమిచ్చు వర్తకుని మెడ కత్తి క్రిందనున్నంతకాలము రాక్షసుఁడు తనంతఁ దాను రాక తప్పదు. ఆఱవ యంకమునఁ జాణక్యుని చారుఁ డొకఁ డురిత్రాడు చేతఁబట్టి, చందనదాసునికై మఱియొక వర్తకుఁ డగ్నిఁ జొరఁబోవుచున్నాఁడనియు, ఆ వర్తకునికై తా నురి పోసికొనుచున్నాననియుఁ గట్టుకథ చెప్పును. మిత్రునికై మిత్రుఁడు, వానికై మఱియొక మిత్రుఁడు! కట్టుకథయే కాని, దానిని నమ్మఁగల హృదయ మున్నందుననే రాక్షసుఁడు చిక్కెను. మౌర్యుల సేనలు పట్టలేనివానిని స్నేహము పట్టియిచ్చెను. తుది యంకమున వధ్యస్థానమున మిత్రు లిరువురును ముఖాముఖి నిలుచునపుడు వారాడుకొన్న మాటలు మూఁడుమాటలకు మించవు. చందనదాసుఁడు, నా శ్రమ యంతయు వ్యర్థము చేసితివేమయ్యా యని యాక్షేపించును. రాక్షసుఁడు, నా స్వార్థమే నేను చూచుకొంటిని, నిష్ఠురము చాలింపుమను తీరున బదులు చెప్పును. కౌఁగిలింత లేదు, కన్నీరు లేదు. ఒకఁడు ప్రేమను దప్పుపట్టుటగాఁ బలికెను, రెండవవాఁడు త్యాగమును స్వార్థమను పేరఁ బలికెను. విశాఖదత్తునకు నిష్ఠురముయొక్క మర్మము తెలిసినంతగా నెవ్వరికిఁ దెలియును!

ఈ వెలుఁగున గయోపాఖ్యానమును జూతము. అభయమిచ్చినది కృష్ణునకెదురుగా ననితెలిసిన క్షణమున నర్జునుని స్థితి నాలోచింపవలయును. గయుని విడిచిపెట్టుట యతనికి సులభము. శరణాగతుని విడిచెనన్న నింద కొంతకాలమే. కాని శరణాగతుని విడిచిన యర్జునుఁడు కృష్ణునకుఁ జెలికాఁడుగా నుండఁదగునా? మాట తప్పినవాని స్నేహమును గృష్ణుఁ డేమి చేసికొనును? కృష్ణుని ప్రేమకుఁ దగినవాఁడుగా నుండుటకై కృష్ణునితో యుద్ధము చేయవలసివచ్చినది. ఆవలిప్రక్కఁ గృష్ణుని స్థితియు నిట్టిదే. చెలికానికై ప్రతిన విడిచెనేని, చెలికాఁడు ప్రతిన నిలుపుకొనుట కర్థమేమి యుండును? ఒకఁడు తగ్గినచో రెండవవాని ఘనత తగ్గును. తగ్గకుండుటయే ప్రేమ యైన వింతచిక్కు ఇది. వారు దీనిని నోరారఁ జెప్పుకొనరు. చెప్పుకొన్నయెడల యుద్ధమే యుండదు. యుద్ధము లేకున్న మాట దక్కదు. ఈ కారణముననే స్నేహ మనుక్తము గావలసివచ్చినది. కవి మఱచి విడిచినది గాదు.

కొందఱు కథకులు దీనిని బరీక్ష యందురు. కృష్ణుఁడు సర్వజ్ఞుఁడు గాన నర్జునుని ధైర్యమును లోకమునకుఁ జాటుటకై యీ నాటకమాడెనని. భక్తులకీ సమాధానము తృప్తికరమే. నాటకదృష్టితో నాకు సమ్మతము గాదు. పరీక్షించువానికి నష్టమేమి? పరీక్షాధికారి చెమట పట్టఁడు. దారుకునితో నడిరేయి మాటాడిన కృష్ణుఁడు పరీక్షాధికారి గాఁడు. ఆ నిద్రలేని కృష్ణుఁడే ద్వారకలోఁ బ్రతినపట్టి కూర్చున్నాఁడని తలఁచిన నటుఁడే యీ పాత్రను బ్రతికింపఁగలఁడు.

సుభద్ర స్థానమును మనవారు తగినంత గుర్తింపలేదు. పుట్టినింటికి మెట్టినింటికి నడుమఁ జిక్కిన యాడుపడుచుగా నామెను జూచి యయ్యో యందురు. ఆమె పని యంతకు మించినది. ఇరువురు పురుషులు దాఁచుకొన్నదాని నామెయే బయట పెట్టును. అన్న ప్రేమను మగనికిని, మగని ప్రేమను అన్నకును జెప్పఁగల నోరు ఆమెది యొక్కటే. వారు వినరు, వినఁజాలరు. కాని ప్రేక్షకులు విందురు. ఆమె వేఁడికోలు లేకున్న, తరువాతి యుద్ధరంగము ఉత్త గర్వమువలెఁ గనఁబడును. నాటకమును సంక్షేపించి యాడునపుడు కొన్నిచోట్ల సుభద్ర ఘట్టమును గుదించి, నిందాపద్యములను మాత్రము పెంచుట చూచితిని. అది చెట్టు కొట్టి నీడలో గూర్చుండఁగోరుటవంటిది.

ఇఁక నా నిందలు. యుద్ధమునకు ముందు కృష్ణార్జును లొకరి గుట్టొకరు రచ్చకెక్కింతురు. ఆదరముతోఁ బిలిచిన మేనమామను జంపినవాఁడవని యర్జునుఁ డెత్తిపొడుచును. కృష్ణుఁడును మాటకు మాట యప్పగించును. ఇవి పామరరంజకములని పండితుల యాక్షేపము. ఇట్టి జాబితా వ్రాయఁగలవాఁడెవఁడు? శత్రువున కింత వివరము తెలియదు. జరాసంధునకుఁ గృష్ణుని పరాక్రమము తెలియును గాని చిన్ననాఁటి చేష్టలు తెలియవు. దుర్యోధనునకు నర్జునుని విల్లు తెలియును గాని మనసు తెలియదు. ఎదుటివాని బ్రతుకును బుట్టుక మొదలు కంఠస్థము చేసినవాఁడే యింత పొల్లు పోకుండ నిందింపఁగలఁడు. గీతలోఁ జనువుగాఁ బిలిచితి మన్నింపుమని వేఁడుకొన్న యర్జునుఁడే యిచట నా చనువునంతయు మరలఁ దీసికొనుచున్నాఁడు. విశ్వరూపము మూసిన నోరు తాంబూలపుటెంగిలి తెఱచినది. నీవు దేవుఁడవు గావు, నావాఁడవు. కావున నిన్ననుటకు నాకు హక్కు గలదనునది యా పద్యములన్నిటి వెనుకనున్న భావము. మా నేఁతగాఁడు నిష్ఠురమన్న దిదియే.

భారతవీరులకు బాణముతో మాటాడుట క్రొత్త గాదు. విరాటపర్వమున గోగ్రహణమునాఁ డర్జునుఁడు గురువుల పాదములచెంత బాణములు నాటి నమస్కరించెను. తలవంచుటకు వీలులేనిచోట బాణము తలవంచును. కృష్ణార్జునులు విండ్లెత్తునపుడు రంగస్థలమున నొక్కక్షణ మాఁగుట మంచి నటులకు నలవాటు. వారు దానిని శాస్త్రమునఁ జదివి చేయలేదు. పాత్ర చెప్పినట్లు చేసిరి. నేను చూచిన యొక గ్రామప్రదర్శనమున నర్జునవేషధారి విల్లెత్తి, పద్యమునకు బదులుగా నొక నిట్టూర్పు విడిచి, తల యొకప్రక్కకుఁ ద్రిప్పుకొనెను. హార్మోనియము వాయించువాఁడు పొరపడి శ్రుతి యందీయఁబోయి మానుకొనెను. ఆ క్షణమునఁ బందిటిలోఁ బిల్లల యేడ్పుకూడ వినఁబడలేదు.

ఈ నాటకము పుట్టినచోటను నిట్టి పలుకని స్నేహములే యుండెను. చిలకమర్తివారు (1867–1946) చూపు సరిగా లేనివారు, ఉత్తరోత్తర మంధులైరి. వారు నాటకములు వ్రాసి యిచ్చినది ఇమ్మానేని హనుమంతరావునాయుఁడుగారి సమాజమునకు. ఒంగోలునుండి నాయుఁడుగారి వెంట రాజమహేంద్రవరము చేరి, చదువుకొనుచు నాటకములలో వేషములు వేసిన బాలుఁడు టంగుటూరి ప్రకాశముగారు. నాఁటి పేదబాలుఁడు తరువాత మద్రాసు రాష్ట్రమునకుఁ బ్రధానమంత్రి, ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రి నైనపుడును నాయుఁడుగారి యుపకారమును మఱవలేదు. తన జీవితయాత్రలో నానందముతోఁ దలంచుకొనెను. మా ప్రాంతమునకాయన పేరే జిల్లాపేరై నిలిచినది, వేటపాలెము 2022 నుండి బాపట్ల జిల్లాలోనికిఁ బోయినను.

1963 లో కె. వి. రెడ్డిగారు శ్రీకృష్ణార్జునయుద్ధమను పేర నీ కథను జలనచిత్రముగాఁ దీసిరి. నందమూరి తారకరామారావుగారు కృష్ణుఁడు, అక్కినేని నాగేశ్వరరావుగారు అర్జునుఁడు, పల్నాటి దాచేపల్లివారగు ధూళిపాళ సీతారామశాస్త్రిగారు గయుఁడు. గయపాత్ర ప్రాముఖ్య మీ చిత్రమువలన జనులకు మఱింత తెలిసినది. ప్రాణభయముచేతఁ బరువెత్తువాఁడు హాస్యపాత్ర గాఁడు. ఇరువురు మహనీయుల యనుక్తప్రేమకు మూల్యము చెల్లించువాఁడు వాఁడు. వా రిరువురు మాట నిలుపుకొనుట కొకని మెడ కావలసివచ్చినది. ఈ సంగతి చిలకమర్తివారి నాటకమునను గలదు గాని, చదువుకొనునపుడు కృష్ణార్జునుల వెలుఁగున మనకది యానదు. స్నేహము మూఁగదైనపుడు నలిగిపోవువాఁడు మూఁడవవాఁడు. ఇది యీ నాటకమునకుఁ గళంకమని యెంచు విమర్శకునితో నేను వాదింపను.

యుద్ధమును దైవమే మాన్పవలసివచ్చుటను గొందఱు కథనదౌర్బల్యముగాఁ జెప్పుదురు. ఇరువురిలో నెవ్వఁడును దనంతఁ దానాఁగుటకు వీలులేదని మీఁదఁ జూపితిని. ఆఁగుమని చెప్పఁగల మూఁడవవాఁడు, వారిరువురికన్నఁ బెద్దవాఁడు, కావలయును. సుభద్ర చెప్పినది, వినలేదు. పెద్దలు చెప్పిరి, వినలేదు. కనుకఁ గవి పైకిఁ జూచెను. ముద్రారాక్షసమునఁ జాణక్యుఁడు చేసిన పనియు నిదియే. చందనదాసుని ప్రాణమునకు మాఱుగా మంత్రిత్వపుఁ గత్తి పట్టుమని రాక్షసుని నిర్బంధించి, మిత్రు లిరువురును దమంతఁ దాము విప్పుకొనలేని ముడిని దాను విప్పెను. అచట రాజనీతి, ఇచట దైవము.

గోపమంత్రి ద్విపదను జిలకమర్తివారి నాటకమును ప్రక్కప్రక్కన నుంచి, రాయబారఘట్టములను బంక్తి పంక్తి పోల్చి చూచిన నీ విషయమింకను దేటపడును. ఆ పని పెద్దది. వేఱొక సంచికకు విడిచెదను. భారతమునుండి యొక్కటి చేర్చి ముగించెదను. మౌసలపర్వమున యాదవవినాశానంతరము ద్వారకకుఁ బోయిన యర్జునుఁడు, స్త్రీలను వెంటఁబెట్టుకొని వచ్చుచుండఁగా దారిలో నాభీరులు మీఁదఁబడిరి. గాండీవ మెక్కుపెట్టుటయే కష్టమైనది, అస్త్రములు స్ఫురింపలేదు. ఓడి, వ్యాసాశ్రమముఁ జేరి, యా మహర్షి యెదుటఁ గూర్చుండి, కృష్ణుఁడు లేక తనకు బ్రదుక నిచ్చలేదని చెప్పుకొనెను. కృష్ణుఁడు దారుకునితోఁ జెప్పినమాటకు నర్జునుని బదులు అది. వినవలసినవాఁ డప్పటికి లేఁడు.